పోస్టుమాస్టరమ్మ నేరాంగీకారం

శనివారం పొద్దున పోస్టుమాస్టరమ్మ క్వ్యెతా వేసుకున్న ప్రణాళిక చిన్నది: కోళ్లకు మేత వేయడం, అల్లుడికి కాఫీ ఇవ్వడం, సాయంత్రం దాకా నోరు మెదపకుండా గొంతు కాపాడుకోవడం.

ఆ సాయంత్రం ఊరి హాల్లో ఒక పల్లెటూరి విషాద సంగీత నాటకం. వేషాలు లేవు, తెరలు లేవు. మామూలు బట్టల్లో నిలబడి పియానో వెంట పాడటమే. అల్లుణ్ణి మిల్లు చెరువులోకి తోసేసిన అత్తగారి పాత్ర క్వ్యెతాది. చివర్లో పెళ్లిపందిట్లో నేరం ఒప్పుకునే పాట కోసం తొమ్మిది నెలలు సాధన చేసింది. పియానో వాయించేది ఆవిడ సొంత అల్లుడు రాదిమ్.

రాదిమ్ కాఫీ తాగుతూ, ప్లమ్ జామ్ రొట్టెను తెరిచి ఉన్న స్వరాల పుస్తకం మీద పెట్టాడు. క్వ్యెతా కంగారుగా అటు వేలు చూపించింది.

"ఇంకోటి తినమంటారా? మీ మాట కాదంటానా అత్తయ్యా!"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మొహమాటం ఏంలేదు లెండి," అంటూ రెండోదీ అక్కడే పెట్టాడు. జామ్ కారింది. తుడిచి, పుస్తకం మూసేశాడు.

సాయంత్రం చివరి అంకంలో అతను పేజీ తిప్పితే, జామ్‌కి అతుక్కుని నాలుగు ఒకేసారి తిరిగాయి. పెళ్లిపాట తిన్నగా ముగింపు కోరస్‌లోకి దూకింది. పాడేవాళ్లు పియానో వెంటే వెళ్లారు. నేరం బయటపడకుండానే నాటకం శుభంగా ముగిసింది. జనం చప్పట్లు కొట్టారు.

క్వ్యెతా ముందుకొచ్చింది. అల్లుడి వైపు కొరకొరా చూస్తూ గొంతెత్తింది. "ఆగండి! నా అల్లుణ్ణి చెరువులోకి తోసింది నేనే!"

గ్రామాధికారిగా పాడే మెతొదెయ్ నిజానికి కానిస్టేబుల్. డ్యూటీ నుంచి యూనిఫారంలోనే వచ్చాడు. తన వంతు వచ్చిందని, "పద, నాతో నడువు!" అంటూ అడుగేశాడు.

ప్రేక్షకుల్లో రెండో అంకం నుంచీ నిద్రపోతున్న అపొలెనా బామ్మ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, వదిలెయ్ నాయనా! అల్లుడు అదుగో, పియానో దగ్గర కూర్చున్నాడుగా!"

"ఇంకా తోయలేదేమోలే," అన్నాడు వెనకెవరో.

హాలంతా గొల్లున నవ్వింది. క్వ్యెతా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి రాదిమ్ పుస్తకం మూసేసి, కళ్లు మూసుకుని ఆ పాట ఎత్తుకున్నాడు. తొమ్మిది నెలలుగా వంటింటి గోడ అవతలి నుంచి విన్న పాట. ఒక్క స్వరమూ తప్పలేదు. క్వ్యెతా పాడింది. నవ్వినవాళ్లే జేబురుమాళ్లు తీశారు. బామ్మ అయితే వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత జరిగిన విందులో ఊళ్లోని అల్లుళ్లందరూ లేచి, ముందుగా అత్తగార్లకు కుర్చీలు వేశారు.