చిల్లు లేని నకలు

ఆ శనివారం ఎల్డన్ ప్రూయిట్ అనుకున్నవి రెండే పనులు. పొద్దున్నే లూథరన్ చర్చి హాలుకు వెళ్లి, భార్య వెర్నా వదిలిపోయిన క్యాసినో బిళ్ళను, జూదంలో డబ్బుకు బదులు వాడే అలాంటి బిళ్ళల్ని సేకరించేవాళ్ల సంఘం సభ్యులకు చూపించాలి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాలి. రెండోది జరగాలని ఆయనకు ఎక్కువ కోరిక. వెర్నా పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి రీనో ఊళ్లో చలికాలం ఆయన ఒక్కడికే కాస్త ముందుగా వచ్చి, కాస్త ఆలస్యంగా పోతున్నట్టుంటోంది.

వెర్నా తొమ్మిదేళ్లపాటు కాపర్ ల్యాంటర్న్ అనే చిన్న క్యాసినోలో ఇరవై ఒకటి ఆట బల్ల దగ్గర పేకముక్కలు పంచింది. పంచేవాళ్ల ఏప్రాన్‌కు జేబులుండవు. బల్ల వదిలేముందు, ఏమీ దాచలేదని రెండు అరచేతులూ తిప్పి పైకి చూపించాలి. ఆమె ఇంట్లో బంగాళాదుంపలు వడ్డించాక కూడా అలా చేతులు తిప్పి చూపించేది. ఎనభై మూడులో ఆ క్యాసినో మూతపడిన రోజు ఒక ఐదు డాలర్ల బిళ్ళను బూటులో పెట్టుకుని బయటకు తెచ్చింది. మిగిలిన బిళ్ళలన్నిటినీ పక్కవీధిలో కడుతున్న భవనం పునాదుల కాంక్రీటులో కలిపేశారు. అందువల్ల సేకర్తలకు తెలిసినంతవరకు లోకంలో కాపర్ ల్యాంటర్న్ బిళ్ళ అదొక్కటే.

వెర్నా పోయిన కొత్తలో ఎల్డన్‌కు ఆ బిళ్ళను రోజంతా చేతిలో పట్టుకుని ఉండాలనిపించేది. కానీ అది మట్టి కలిపి అచ్చుపోసిన బిళ్ళ. చేతుల్లో నలిగితే అరిగిపోతుంది. అందుకని సంఘంలోనే ఉన్న ఓటిస్ బెర్గ్ చేత దానికి నకలు చేయించాడు. ఓటిస్ ముప్పై ఐదేళ్లు కట్టుడు పళ్లు చేసినవాడు. అచ్చులు తీయడంలో అతన్ని మించినవాడు నెవాడాలో లేడు. అసలు బిళ్ళ గాజులాంటి ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్లింది, నకలు ఎల్డన్ ప్యాంటు జేబులోకి. ఆరేళ్లుగా ఆయన బొటనవేలు దానిమీదే తిరుగుతోంది.

చిక్కల్లా చిల్లు దగ్గరుంది. సభ్యుల దగ్గరున్న ప్రతి నకలుకూ అంచు పక్కన చిన్న చిల్లు పెట్టించాలని, లేకపోతే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు దాన్ని అసలుదని అమ్మేస్తారని సంఘం నియమం. ఆ నియమం రాసింది నీతి నియమాల కమిటీ అధ్యక్షుడు ఎల్డన్ ప్రూయిటే. నకలు చేయడం తప్పు కాదు, నకలని చెప్పకపోవడం తప్పు అని ప్రతి ఏడూ ఉపన్యాసం ఇచ్చేది కూడా ఆయనే. కానీ చిల్లు పెడితే బొటనవేలు దాని దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ గతుక్కుమంటుంది. ఇవాళ పెట్టిద్దాం, రేపు పెట్టిద్దాం అనుకుంటూ ఆరేళ్లు గడిపేశాడు.

హాల్లో పంతొమ్మిది మంది చేరారు. ఎల్డన్ ప్లాస్టిక్ డబ్బా మూత తీసి బల్లమీద పెట్టి, కాఫీ ఖర్చులకని పెట్టిన డబ్బాలో చిల్లర వేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. నాణేలతోపాటు నకలు కూడా బయటకు వచ్చి, నేలమీద దొర్లి, కార్యదర్శి మాక్సిన్ డాబ్స్ కాలికి తగిలి పడింది. ఆవిడ వంగి తీసి, బల్లమీదున్న దాని పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుంది.

"లోకంలో ఒక్కటే ఉందన్నావు కదయ్యా ఎల్డన్. డబ్బాలో పిల్లని పెట్టిందా?"

హాలంతా నవ్వింది. ఓటిస్ మాత్రం నవ్వలేదు. అతని చేతిలో డోనట్ నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది.

నిజం చెప్పడానికి ఎల్డన్‌కు రెండు క్షణాల వ్యవధి దొరికింది. ఆ రెండు క్షణాల్లోనూ ఆయనకు తన ఉపన్యాసాలే వినిపించాయి.

"పరీక్ష," అన్నాడు. "రెండిట్లో ఒకటి నకలు. గుర్తుపడతారో లేదో చూద్దామని కావాలనే తెచ్చాను."

ఆ మాట అన్నందుకు ఆయన వెంటనే చింతించాడు. సంఘంలో ఏళ్ల తరబడి ఇంత ఉత్సాహం పుట్టలేదు. ఒకరు చిన్న తక్కెడ తెచ్చారు, ఇంకొకరు భూతద్దం తీశారు. ఒకావిడ బిళ్ళలను ఒకదాని తర్వాత ఒకటి బల్లమీద జారవిడిచి కళ్లు మూసుకుని చప్పుడు వింది. బరువులో తేడా లేదు, చప్పుడులో తేడా లేదు. చివరికి నలభై ఏళ్లు జూదపు బల్లల మధ్య కాపలా తిరిగిన హార్లన్ ష్మిట్ ముందుకొచ్చి, జేబులోంచి పడిన బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"చెమట," అన్నాడు తృప్తిగా. "పేకాటరాయుళ్ల చెమట. వాసన చూడండి. ఇది రాత్రింబవళ్లు బల్లమీద తిరిగిన బిళ్ళ. ఓడిపోయినవాళ్లు దీన్ని పిసికి పిసికి వదిలారు."

అది తన చెమటేనని ఎల్డన్‌కు తెలుసు.

"మరి ఇదో?" మాక్సిన్ రెండోదాన్ని చూపించింది.

"అది నిన్న పుట్టింది. అంచులు చూడు, ఎంత పొందిగ్గా ఉన్నాయో. ఇంత బాగా ఏ క్యాసినోవాడు చేయిస్తాడమ్మా? వాళ్లకేమైనా పిచ్చా?"

అరిగినదే అసలుదన్నవాళ్లు చేతులెత్తమంటే ఒకటొకటిగా అన్నీ లేచాయి. హార్లన్ రెండూ ఎత్తాడు. ఓటిస్ చెయ్యి చివరగా, నొప్పి ఉన్నవాడి చెయ్యిలా లేచింది.

"ఇక నువ్వు చెప్పు. మేం కరెక్టేనా?" అంది మాక్సిన్.

మీరంతా తప్పు అంటే, అరిగినది నకలని చెప్పినట్టే. అది ఎలా అరిగిందో చెప్పాలి. ఆ పైన చిల్లు పెట్టమని దాన్ని వాళ్లకు అప్పగించాలి. ఇంతమంది ముందు పరువు పోతుందన్న భయం ఆయనకు ఉంది. కానీ దాని అడుగున ఇంకోటి కూడా ఉంది, అది ఆయన్ని మరింత భయపెట్టింది. అరిగినదాన్ని ఇచ్చేయాలన్న ఊహకు చెయ్యి ముడుచుకుపోయింది, డబ్బాలోని దాన్ని తలుచుకుంటే ఆ చెయ్యి కదలనైనా లేదు.

"కరెక్టే," అన్నాడు.

చప్పట్లు కొట్టారు. మాక్సిన్ రిజిస్టరు తెరిచి, అరిగిన బిళ్ళ ఒక్కటే అసలైన కాపర్ ల్యాంటర్న్ బిళ్ళ అని రాసి, ఎల్డన్ చేత సంతకం పెట్టించింది. ఇంతటితో అయిపోయిందని ఆయన కోటు అందుకోబోయాడు. మాక్సిన్ బల్ల కింది నుంచి చిల్లులు పెట్టే యంత్రాన్ని పైకి లాగింది.

"ఎక్కడికయ్యా? ఇవాళ చిల్లుల రోజు. మూడు నెలలకోసారి వస్తుంది, నువ్వు పెట్టించిందే."

"ఇది... పరీక్ష కోసం చేయించింది కదా. తర్వాత పెట్టిద్దాం."

"అలా అన్నవాళ్లకి నువ్వేం రాసి పంపేవాడివో చదవనా? ఫైల్లో ఉన్నాయి, పద్నాలుగు ఉత్తరాలు."

ప్లగ్గు పెట్టారు. యంత్రం తిరగడం మొదలైంది. డబ్బాలో నుంచి తీసిన బిళ్ళ బిగింపులో చాలా చిన్నగా, చాలా కొత్తగా కనిపించింది. బూటులో దాక్కుని వచ్చిన బిళ్ళ. ఇప్పుడైనా చెప్పాలి అనుకుని ఎల్డన్ నోరు తెరిచాడు.

"జాగ్రత్త," అన్నాడు. "అంచుకి దగ్గరగా పెట్టు."

సన్నటి ఎర్రపొడి కాగితం పళ్లెంలో రాలింది. మాక్సిన్ దాన్ని ఊది, బిళ్ళను ఆయన అరచేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

బయట కార్ల దగ్గర మంచు మురికిగా గడ్డకట్టి ఉంది. ఎల్డన్ తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు గాని కారు తలుపు తీయలేదు. ఓటిస్ వెనకే వచ్చాడు.

"కుమిలిపోకు ఎల్డన్. వాళ్లు చిల్లు పెట్టింది కూడా నాదే."

"నీదేంటి?"

"నేను చేసిందే. అప్పుడు రెండు చేశాను." ఓటిస్ కోటు లోపలి జేబులోంచి కట్టుడు పళ్ల డబ్బా తీశాడు. "పట్టేస్తావో లేదో చూద్దామని రెండూ నకళ్లే ఇచ్చా. అయిదు నిమిషాలాగి నవ్వి, అసలుది చేతిలో పెడదామనుకున్నా. నువ్వేమో డబ్బాలోదాన్ని చూసి ఏడ్చావు. దీంట్లో వెర్నా చేతులు కనిపిస్తున్నాయన్నావు. ఆ తర్వాత ఎట్లా చెప్పమంటావు? ప్రతి మీటింగుకీ తెస్తున్నా. ప్రతిసారీ తీసుకుపోతున్నా."

డబ్బాలో దూదిమీద ఒక బిళ్ళ ఉంది.

"ఇదే అసలుదని ఎట్లా నమ్మమంటావు?"

"దీనికంటే నావి బాగుంటాయి," అన్నాడు ఓటిస్, కొంచెం నొచ్చుకుని. "లాంతరు బొమ్మ వంకరగా పడింది చూడు. నా చేతిలో అట్లా పడదు."

ఎల్డన్ బిళ్ళను తీసుకున్నాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. చిల్లు పడింది నకలుకే. కానీ పడనిచ్చిన క్షణంలో ఆయనకు తెలిసినంతవరకు అది వెర్నా బిళ్ళ. ఆ క్షణాన్ని ఓటిస్ ఏ డబ్బాలోనూ దాచి తెచ్చివ్వలేడు.

మాక్సిన్ యంత్రాన్ని చంకలో పెట్టుకుని బయటకు వచ్చింది. ఆవిడ చూపు ఎల్డన్ అరచేతిమీద ఆగింది.

"ఇంకోటా? ఎన్ని చేయించావయ్యా బాబూ? ఇటివ్వు. గుమ్మం దగ్గర ప్లగ్గుంది."

ఎల్డన్ పిడికిలి బిగించాడు. ఈసారి చెప్పాడు. జేబులోది నకలనీ, డబ్బాలోది కూడా నకలేననీ, చేతిలోది అసలుదనీ, ఆరేళ్లు నియమం తప్పాననీ, లోపల అబద్ధమాడాననీ, వెర్నా బిళ్ళే అనుకుంటూ చిల్లు పెట్టనిచ్చాననీ, చలిలో ఊపిరి పొగలుకక్కుతుండగా అంతా చెప్పాడు. ఓటిస్ తల దించుకుని మధ్యమధ్య ఔనన్నాడు.

మాక్సిన్ యంత్రాన్ని తన కారు ముందుభాగం మీద ఆనించి విన్నది.

"పంతొమ్మిది మంది చూశారు ఎల్డన్. హార్లన్ వాసన కూడా చూశాడు. రిజిస్టర్లో నీ సంతకం ఉంది. ఇప్పుడేమో లోకంలో ఒక్కటే ఉన్న బిళ్ళ పళ్లడబ్బాలోంచి వచ్చిందంటున్నావు. వెర్నా మీద బెంగతో మాట్లాడుతున్నావేమోననిపిస్తోంది నాకు."

"బెంగ ఉంది. ఇది కూడా నిజమే."

"అయితే కాగితంమీద పెట్టు. పార్కింగులో విన్నదాన్ని నేను రిజిస్టర్లో ఎక్కించలేను. కమిటీ అధ్యక్షుడు విచారించి తేల్చాలి."

"అధ్యక్షుణ్ణి నేనే."

"మరి ఆయనకే రాయి. ఆయన తేల్చేదాకా నీ చేతిలోది నకలే. ఎవరి కంటా పడనీయకు, నా కంట అసలే పడనీయకు. పడిందో, చిల్లు పెట్టేస్తా." యంత్రాన్ని ఎత్తుకుంటూ కొంచెం మెత్తగా అంది, "పో, ఇంటికెళ్లి వేడిగా ఏమైనా తాగు."

ఇంటికెళ్లి ఎల్డన్ అరిగిన బిళ్ళను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాడు, రిజిస్టరు ప్రకారం దాని చోటు అదే. వెర్నా బిళ్ళను జేబులో వేసుకున్నాడు. బొటనవేలు దానిమీద కాసేపు తిరిగింది గాని, కొత్త మనిషి ముఖం తడిమినట్టు ఎక్కడా ఆగలేదు. ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తన మీద తాను నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, ఏదీ దాచకుండా, ఏదీ తగ్గించకుండా సంతకం పెట్టి, స్టాంపు అంటించి పోస్టు చేశాడు.

మంగళవారం ఉత్తరం వచ్చింది. అధ్యక్షుడు దాన్ని రెండుసార్లు చదివి, ఫిర్యాదుదారు మాట నమ్మదగ్గట్టుగా లేదని పక్కన రాసి ఫైల్లో పెట్టాడు.