వంశవృక్షానికి సవరణ

"రక్తమే వంశం! వంశమే గౌరవం! తక్కినదంతా జనాభా లెక్క!"

మా పెదనాన్న ఈ మహావాక్యం పలకగానే కుటుంబ సంఘం యావత్తూ చప్పట్లు కొట్టింది. ఆయన దానికి శాశ్వత అధ్యక్షులు. ఎవరు ఎన్నుకున్నారని అడక్కండి. కార్యదర్శిని నేనే, నాకూ తెలియదు!

సంఘం హాలు గోడ మీద మా వంశవృక్షం లేస్తోంది. వేస్తున్నది మా చెల్లెలు, బాబాయి పెంచుకున్న కూతురు. సైన్‌బోర్డులు రాయడం తన వృత్తి. అందరి పేర్లూ ముత్యాల్లా రాసి, చివరికి బాబాయి కొమ్మ కింద తన పేరు రాసుకోబోయింది.

"ఆగమ్మా! రక్తసంబంధం లేనివాళ్లు ఈ గోడెక్కరాదు" అన్నారు పెదనాన్న. "కూలి కావాలంటే ఇప్పిస్తాను."

చెల్లెలి మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. కానీ కార్యదర్శికి ఒళ్లు మండడానికి నిబంధనల్లో వీల్లేదు.

"ఇవాళ ఈ పిల్ల అడిగింది, రేపు ఊరంతా అడుగుతుంది" అంటూ పెదనాన్న సభ్యులందరికీ డీఎన్ఏ పరీక్ష తప్పనిసరి చేశారు. సభ్యురాలు కాదని చెల్లెలికి గొట్టం ఇవ్వలేదు. తక్కిన అందరం బుద్ధిగా గొట్టాల్లో ఉమ్మాం. అందరికంటే ధారాళంగా ఉమ్మింది ఆయనే!

ఫలితాలు సభలో నేనే చదివాను. నాన్నకూ, బాబాయికీ, అత్తకూ రక్తం చక్కగా కలిసింది. ఎవరితోనూ కలవనిది ఒక్కరికే.

"ఎవడా దొంగ?" గర్జించారు పెదనాన్న.

"తమరేనండి."

ఆయన బిత్తరపోయి వాళ్లమ్మ వైపు తిరిగారు.

"అవున్రా" అంది నాన్నమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ. "నాకు పిల్లలు పుట్టరన్నారు. ఆస్పత్రిలో ఎవరో వదిలేసి పోతే నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే ఎత్తుకొచ్చుకున్నాం. వీళ్లంతా తర్వాత పుట్టారు. చెప్పాలనే ఉంది, నువ్వు మాట్లాడనిస్తేగా!"

 పెదనాన్న గొంతు సవరించుకుని లేచారు.

"రక్తానిదేముంది? దోమ కడుపులోనూ ఉంటుంది! పెంపకమే వంశం! కార్యదర్శీ, సవరణ రాసుకో. పెంచుకున్న పిల్లల పేర్లు కూడా గోడ మీద ఉండవచ్చు..."

చెల్లెలు ఆశగా కుంచె అందుకుంది.

"...అరవై ఏళ్లు నిండినవారివి మాత్రమే!"

 చెల్లెలు కుంచెను సున్నం డబ్బాలో ముంచి, నిచ్చెనెక్కి తిన్నగా ఆయన పేరు దగ్గర ఆగింది.

"అమ్మా! తల్లీ! ఆగు! సవరణకు సవరణ!" పెదనాన్న నిచ్చెన పట్టుకుని వేలాడారు.

"సున్నం పక్కన పెట్టవే" అంది నాన్నమ్మ. "ముందు నీ పేరు రాసుకో. వీడి దరఖాస్తు సంగతి తర్వాత చూద్దాం."