ప్రోటీన్ తొడదా, మెడదా?

ఈజిప్టులోని కఫ్ర్ సన్బూక్ పట్టణంలో ప్రోటీన్ పరిశోధనా కేంద్రం ప్రారంభోత్సవం దిగ్విజయంగా ముగిసినట్టు అధికారులు ప్రకటించారు. ప్రాణనష్టమేమీ జరగలేదు, ఒక్క కోడెదూడకు తప్ప. కొత్త కట్టడానికి దిష్టి తగలకుండా దాన్ని గుమ్మం ముందు కోసి, ఆ నెత్తుట్లో అరచేతులు ముంచి తలుపులకు అద్దారు. లోపల రక్తాన్ని పరిశోధించబోయే కేంద్రానికి బయట రక్తం పూయడం సముచితంగానే ఉందని పెద్దలు సంతృప్తి వెలిబుచ్చారు.

విజ్ఞానం మీద మక్కువతో ఈ కేంద్రాన్ని మంజూరు చేశారని ఎవరైనా అంటే నమ్మకండి. ఈజిప్టు ఇళ్ళలో ప్రోటీన్ అంటే మాంసం. "ఇవాళ ప్రోటీనేమిటి?" అని మొగుడు అడిగాడంటే, కోడా చేపా అని అర్థం. మాంసం ధర చెట్టెక్కి కూర్చున్న ఆ ఏడాదే అక్కడి డాక్టర్ రౌహియా ఒక అర్జీ పంపింది: "మన పట్టణంలో పిల్లలు ప్రోటీన్ లోపంతో జబ్బు పడుతున్నారు." అది చదివి పై అధికారుల గుండె కరిగింది. కరిగిన గుండెతో వెంటనే సంతకం పెట్టారు.

మర్నాడు తెల్లవారేసరికి కేంద్రం ముందు జనం సంచులతో బారులు తీరారు. వరుసలో మొదట నిలబడ్డ ఉమ్మ్ ఇన్‌సాఫ్ అనే ముసలామె, తలుపు తీసిన రౌహియాను నిలదీసింది.

"ఏమ్మా డాక్టరమ్మా, ప్రోటీన్ తొడదా, మెడదా?"

"అది కాదు పెద్దమ్మా. మేం చూసేది రక్తంలో ఉండే ప్రోటీన్."

"అస్తగ్‌ఫిరుల్లా, దేవుడు క్షమించుగాక! రక్తం హరామని నీకెవరూ చెప్పలేదా తల్లీ? ఇన్ని చదువులు చదివావు!"

"తినడానికి కాదు పెద్దమ్మా, చూడ్డానికి."

"మాంసాన్ని చూడ్డమైతే మా వీధి కసాయి కొట్టు ముందు రోజూ చేస్తున్నాంగా. దానికి సర్కారు వారెందుకు?"

రౌహియా ఆమెకు డైరెక్టరు గది చూపించింది. కేంద్రం డైరెక్టరు అబ్దుల్ మౌగూద్ దగ్గర జవాబులన్నీ ఉండేవి, ఎందుకంటే ఆయన ప్రశ్నలు వినేవాడు కాడు. మిగిలిన దూడ మాంసాన్ని జనానికి పంచి, ఒక తొడను మాత్రం రక్తనమూనాల కోసం తెచ్చిన అతిశీతల పెట్టెలో భద్రపరిచాడు. ఆ తొడ ఇప్పుడు సుత్తితో కొట్టినా విరగదు. కేంద్రం సాధించిన తొలి విజయంగా దాన్ని వార్షిక నివేదికలో చూపించారు.

రౌహియాకు కావలసింది వేరు. అక్కడ తెల్లారితే అందరూ తినేది ఫూల్. తిట్టనుకునేరు, కాదు, రాత్రంతా కుండలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, పైన నూనె, జీలకర్ర, నిమ్మరసం. బీదవాడి మాంసమని దానికి పేరు. ఆ బంగారం లాంటి తిండి కొందరు పిల్లలకు మాత్రం పడదు. తిన్న ఒకటి రెండు రోజులకే కళ్ళు పచ్చబడతాయి, ఒంటేలు టీ డికాక్షన్‌లా వస్తుంది, పిల్లవాడు వేలాడిపోతాడు. వాళ్ళ ఎర్రకణాలకు కాపలా కాసే ఒక ప్రోటీన్ బలహీనం. ప్రోటీనంటే వందల పూసలు గుచ్చి ఒద్దికగా చుట్టిపెట్టిన దండ అనుకోండి. ఒక్క పూస మారినా కొన్నిసార్లు చుట్ట వదులైపోతుంది. ఏ పూస మారిందో తెలిస్తే, ఆ చుట్టను నిలబెట్టే మందు ఏనాటికైనా వెతకొచ్చు. ఈలోగా మడమ దగ్గర ఒక్క చుక్క రక్తం తీసి చూస్తే, ఎవరికి ఫూల్ పెట్టకూడదో, జ్వరానికి ఏ బిళ్ళలు వెయ్యకూడదో ముందే చెప్పొచ్చు. పిల్లవాడు బతుకుతాడు. పుట్టిన ప్రతి బిడ్డకూ, బడిలో చేరే ప్రతి పిల్లవాడికీ ఆ పరీక్ష చెయ్యాలని ఉత్తర్వు కావాలి. వసంతంలో పచ్చి చిక్కుళ్ళు బజారుకి వచ్చేలోగా కావాలి. అదొక్కటే ఆమె గోల.

ఉత్తర్వు ఇవ్వవలసినవాడు జిల్లా ఆరోగ్యాధిపతి వజ్దీ అల్-మల్లవానీ. పాషా బిరుదుల కాలం ఎప్పుడో పోయినా ఆయన్ను అందరూ పాషా అనే పిలిచేవారు. పిలవనివాళ్ళ బదిలీలు దూరపు ఊళ్ళకు ఉండేవి. కేంద్రం తనిఖీకి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఫూల్ గిన్నె పెట్టి ఫొటోలు తీశారు. పాషా ఉపన్యసించారు.

"సోదరులారా! పిరమిడ్లు కట్టిన చేతుల్లో బలం ఎక్కడిది? ఫూల్‌ది! ఫూల్ వల్ల జబ్బు వస్తుందని కొందరు చదువుకున్నవాళ్ళు అంటున్నారు. ఫూల్‌లో దోషం లేదు. దోషం ఉంటే గింటే కడుపుల్లో ఉంది! దేశభక్తి గల కడుపు ఫూల్‌ను కాదనదు!"

చప్పట్లు మోగాయి. పాషా చెంచా పెదవుల దాకా తెచ్చి, ఫొటో అయిపోగానే గిన్నెను డైరెక్టరు చేతిలో పెట్టారు. డైరెక్టరు మహాప్రసాదంలా నాకేశాడు. అది రౌహియా కంట పడింది.

ఆ వారంలోనే ఆమె పాషా కచేరీకి వెళ్ళి సూటిగా అడిగింది. "పాషా గారూ, మీరు ఫూల్ ఎందుకు తినలేదు?"

పాషా లేచి తలుపు గడియ పెట్టారు. గొంతు తగ్గించారు.

"చెల్లీ, నీ పిల్లల మీద ఒట్టు, ఎక్కడా అనకు. చిన్నప్పుడు ఒకసారి తిన్నాను. పసుపు కొమ్మునైపోయానట. అప్పట్నుంచీ మా అమ్మ ముట్టనివ్వలేదు."

"తెలిసీ సంతకం పెట్టరా? మీకు అమ్మ ఉంది కాబట్టి బతికారు. తెలియని అమ్మల సంగతేమిటి?" రౌహియాకు ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ తీసి ఆయన నెత్తిన వెయ్యాలన్నంత కోపం వచ్చింది.

"ఉత్తర్విస్తే మొదటి చుక్క నాదే తియ్యాలంటారమ్మా, కెమెరాల ముందు! ఫూల్ తినలేని పాషా అంటే నా పరువేం కావాలి?"

రౌహియా పంటి బిగువున కోపం ఆపుకుంది. కళ్ళు పచ్చబడ్డ పిల్లలు గుర్తొచ్చి మెత్తబడింది. "అయితే మీకు మినహాయింపు రాద్దాం."

"నా ఒక్కడికే అయితే అనుమానం రాదూ? నాలాంటి గౌరవనీయులందరికీ, వాళ్ళ కుటుంబాలకీ రాయి."

రాసింది. ఆయన సంతకం పెట్టారు. ఆమె మెట్లు దిగుతూ, గెలిచాననుకుంది. పాపం, అంత చదివిన మనిషికి రక్తంలో ప్రోటీన్ గురించి తెలిసినంత, తన ఊరివాళ్ళ గురించి తెలియదు.

ఉత్తర్వులో "గౌరవనీయుల కుటుంబాలకు మినహాయింపు" అన్న ముక్క పడగానే పట్టణం అట్టుడికింది. అంతవరకూ ఆ పరీక్ష ఏమిటో ఎవరికీ పట్టలేదు. మినహాయింపు ఉందని తెలిశాక అది అందరికీ కావలసి వచ్చింది, పరీక్ష కాదు, మినహాయింపు. సిమెంటు వర్తకుడు తన బామ్మర్ది చేత ఫోను చేయించాడు. హెడ్మాస్టరు పెళ్ళాం, "మా వాడి మడమ పొడిపిస్తే రేపు మా వియ్యాలవారి ముందు తల ఎత్తుకోగలనా?" అని కన్నీరు పెట్టుకుంది. పలుకుబడి గలవాళ్ళెవరూ పిల్లల్ని పంపలేదు. పరీక్షకు వచ్చిందల్లా ఏ దిక్కూ లేనివాళ్ళు. ఉమ్మ్ ఇన్‌సాఫ్ మునిమనవడికి లోపం బయటపడింది. "మాంసం ఎలాగూ లేదు, ఇప్పుడు ఫూల్ కూడా లేదా?" అని ఆమె రౌహియాను మనసారా శపించి, వాడికి శనగలు ఉడకబెట్టింది.

వసంతం వచ్చింది. పచ్చి చిక్కుళ్ళు వచ్చాయి. ఆ ఏడు సర్కారు ఆసుపత్రి వార్డులో ఒక్క బీద పిల్లవాడూ పచ్చబడి చేరలేదు. డబ్బు కట్టే గదులు మాత్రం నిండిపోయాయి. వాటిలో ఒక గదిలో పాషా కూతురి కొడుకు ఉన్నాడు. ఈ లోపం తాతనుంచి కూతురి మీదుగా మనవడికి నడిచి రాగలదని పాషాకు ఎవరూ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడం!

"వాడికెందుకు పరీక్ష చెయ్యలేదు చెల్లీ?" పాషా మంచం పక్కన కూలబడి, నిజంగానే ఏడ్చాడు.

"మీ సంతకం అడ్డొచ్చింది పాషా గారూ," అంది రౌహియా. అని, ఏడుస్తున్న మనిషిని అన్నందుకు మనసు కలుక్కుమని, రక్తం సీసా తనే తగిలించింది. పిల్లవాడు తేరుకున్నాడు. వాడికి జలుబు చేసిందని ఆరోగ్య శాఖ అధికారికంగా ప్రకటించింది.

మినహాయింపు రద్దు చెయ్యమని రౌహియా బతిమాలింది. ఒకసారి ఇచ్చిన గౌరవాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదని పాషా విచారం వ్యక్తం చేశారు. ఆమె ఇంటికి వెళ్ళి తలపట్టుకు కూర్చుంది, ఏడ్చింది, తిట్టుకుంది. చివరికి లేచి, కేంద్రం గుమ్మానికి కొత్త బోర్డు తగిలించింది: "గౌరవనీయుల పిల్లలకు ఇక్కడ రక్తపరీక్ష చేయబడదు. గట్టి సిఫారసు ఉన్నవారు మాత్రం వెనక తలుపు దగ్గర విచారించవలెను."

మర్నాటికి వెనక తలుపు దగ్గర కార్లు ఆగడానికి చోటు లేదు. సిమెంటు వర్తకుడు అదే బామ్మర్ది చేత మళ్ళీ ఫోను చేయించాడు. హెడ్మాస్టరు పెళ్ళాం కొడుకు మడమను అందరికంటే ముందు పొడిపించి, ఆ దూది ముక్కను వియ్యాలవారికి చూపించింది. ఆ పట్టణంలో ఇప్పుడు పరీక్ష కాని పిల్లవాడు లేడు.

నవ్వకండి మరి. ముందు తలుపు తెరిచే ఉంది, పరీక్ష అందరికీ ఒకటే. అయినా వెనక తలుపు అనగానే, అక్కడ మనవాడెవరైనా ఉన్నాడా అని మీకు తట్టిందా లేదా?