ఒళ్లు చేసిన ఆకలి

అది పెద్ద అడవే. పెద్దది కాబట్టి అందులో ఆకలి ఉండేది. ఆకలి ఉంది కాబట్టి దాని మీద ఒక సంఘమూ ఉండేది. దాని పేరు తల్లుల పోషణ సంఘం. అధ్యక్షుడు ఏనుగు, కార్యదర్శి నక్క, వైద్యుడు కొంగ. ముగ్గురిలో ఒక్కరూ తల్లి కాదు. ఆ లోటు ఎవరికీ కనబడలేదు.

సంఘానికి ఒక కొట్టు ఉండేది. ఆకలితో ఉన్న తల్లుల కోసం జంతువులన్నీ తెచ్చి పోసిన చేపలు, పళ్లు, తేనె అందులో ఉండేవి. అవి తల్లులకు అందేలోగా పాడైపోతాయేమోనని సభ్యులకు మహా బెంగ. అందుకని రోజూ రుచి చూస్తుండేవారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎలుగు పోలమ్మ చంటిపిల్లను వీపున వేసుకుని కొట్టు ముందుకు వచ్చింది.

"బాబూ, రెండు చేపలు, కాసిని పళ్లు ఇప్పించండి. కళ్లు తిరుగుతున్నాయి. పిల్లకి పాలు చాలటం లేదు."

నక్క ఆమెను కిందా మీదా చూసి పకపకా నవ్వాడు.

"ఇంత ఒళ్లు చేశావు, నీకు ఆకలేంటమ్మా? ఆకలంటే ఎముకలు కనబడాలి. అడిగేవాళ్లు కాస్త నమ్మేలా రావొద్దా?"

"దొరికిన పళ్లు పిల్లలకి పెడతాను బాబూ. తేనె మా ఇంటాయనకి. ఆఖర్న నాకు మిగిలేవి అడవి దుంపలే. రేపు అవైనా దొరుకుతాయో లేదోనని దొరికిన రోజు కడుపు పట్టినన్ని తినేస్తాను. ఒళ్లొస్తోంది గానీ ఓపిక రావటం లేదు."

కొంగ ఒంటికాలి మీద నిలబడి దీర్ఘంగా ఆలోచించాడు.

"ఇది తిండి ఎక్కువై వచ్చిన జబ్బు. దుంపలు మానెయ్. చేపలు, పళ్లు తిను."

"వాటి కోసమే వచ్చాను బాబూ."

"చూశారా, నోరు కట్టుకోలేకపోతోంది!" అన్నాడు కొంగ మిగతా ఇద్దరితో.

"అంత బరువు మంచిది కాదమ్మా," అన్నాడు ఏనుగు, ఒక అరటిగెల నోట్లో పెట్టుకుంటూ.

నాకైతే అక్కడే ఒళ్లు మండింది. కానీ కథ చెప్పేవాళ్లు మధ్యలో దూరకూడదట.

పోలమ్మ వెళ్లిపోయాక నక్కకు బుర్ర వెలిగింది. బండ మీద పొడవాటి దుంగ పెట్టి కాటా తయారు చేయించాడు. ఒక కొసన తల్లి నిలబడాలి, రెండో కొసన రాళ్లు. రాళ్లు పైకి లేస్తే ఆ తల్లి బాగా తింటున్నట్టు, ఆమెకు ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఉత్త చేతులతో వెళ్లిన తల్లులంతా దుంపల మీద పడ్డారు. అడవిలో అవే కదా ఎవరూ అడ్డుచెప్పకుండా దొరికేవి. తిన్నారు, బరువెక్కారు. నెమ్మదిగా కొట్టు ముందు వరస కరిగిపోయింది.

"అడవిలో ఆకలి పోయింది!" అని చాటింపు వేయించి, నక్క సింహాన్ని సన్మాన సభకు పిలిచాడు. బొద్దుగా ఉన్న తల్లులను ముందు వరసలో కూర్చోబెట్టారు. నీరసంతో వాళ్లు తలలు వాల్చేస్తుంటే, వినయం అనుకుని సింహం మురిసిపోయాడు.

"శభాష్! ఆకలే లేనప్పుడు ఇక కొట్టెందుకు, సంఘమెందుకు? రెండూ మూసేసి సరుకు నా గుహకు పంపండి."

నక్క మెడలో దండ అలాగే ఉంది. మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

వేట ఏనాడో మరిచిపోయిన నక్కకు ఆ తర్వాత దుంపలే గతయ్యాయి. కొన్నాళ్లకు పొట్ట పెరిగింది, కాళ్లు వణికాయి. ఈడ్చుకుంటూ గుహకు వెళ్లి, "ఆకలి మహారాజా!" అని మొరపెట్టుకున్నాడు.

"నీకా? పదవిలో ఉన్నప్పటికంటే నిగనిగలాడుతున్నావే!" అని సింహం కడుపుబ్బ నవ్వాడు.

తిరిగి వస్తుంటే దారిలో పోలమ్మ దుంపలు తవ్వుతూ కనబడింది. నక్క ఆమె పక్కన కూలబడ్డాడు. ఎప్పుడూ ఆమెను అంటిపెట్టుకుని ఉండే చంటిపిల్ల కనబడలేదు.

"చంటిది ఏదమ్మా?"

"పోయింది బాబూ. పాలు లేక." పోలమ్మ తలెత్తకుండా చెప్పింది. "నన్ను మీ సభలో ముందు వరసలో కూర్చోబెట్టారే, ఆ రోజే."

పోలమ్మ మన్ను దులిపి ఒక దుంప నక్క ముందుకు తోసింది.

"తినండి. ఇదైతే ఎవరూ లాక్కోరు."

నీతి: ఆకలితో చచ్చేవాళ్లు ముందుగా చిక్కిపోవాలి, లేకపోతే పెద్దలకు జాలిపడటం చాలా ఇబ్బందిగా ఉంటుంది.