సుభాషిణి నెయ్యిపై విచారణ

ఢిల్లీ మయూర్ విహార్ తెలుగు కుటుంబాల సంఘం సమావేశంలో సుభాషిణి కొలెస్టరాల్ మూడు వందలు దాటిందని సభాముఖంగా ప్రకటించారు. ప్రకటించినవారు ఆమె భర్త, అండర్ సెక్రటరీ రామమోహనరావుగారు. ఇంటి గుట్టు ఇంట్లోనే దాచుకునే సంకుచిత స్వభావం ఆయనది కాదు.

దోషి ఎవరన్న దానిపై ఎవరికీ సందేహం రాలేదు. సుభాషిణి ముద్దపప్పులో నెయ్యి వేసుకోవడం కళ్లారా చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. అదే గిన్నెలోంచి వాళ్లూ వేసుకున్నారు గానీ, అది విచారణ పరిధిలోకి రాదు. వెంటనే ఉపసంఘం వేశారు. ఆమె వంటింటి నెయ్యి డబ్బాను స్వాధీనం చేసుకుని, ప్రజాప్రయోజనార్థం వనభోజనాల్లో పులిహోర పక్కన వడ్డించారు.

సుభాషిణి నోరు చప్పబడేలా ఓట్స్ తింది. పార్కు చుట్టూ కాళ్లీడ్చుకుంటూ తిరిగింది. అయినా బరువు పెరిగింది, జుట్టు ఊడింది, పట్టపగలే నిద్ర ముంచుకొచ్చింది. జూన్ ఎండకు ఢిల్లీ ఉడికిపోతుంటే ఆమె శాలువా కప్పుకుని కూర్చుంది. అది బద్ధకమని ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

రెండో రిపోర్టులోనూ కొలెస్టరాల్ తగ్గలేదు. రామమోహనరావుగారు వంటింటి అలమరకు తాళం వేశారు.

"నేను తినలేదండీ," అంది సుభాషిణి.

"అచ్ఛా! అయితే రిపోర్టు అబద్ధం చెబుతోందా?"

ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. నెయ్యి పోతే పోయింది, ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి తన మాట మీద నమ్మకం పోయింది. మర్నాడు తనే ఆటో ఎక్కి డాక్టర్ లీలావతి దగ్గరికి వెళ్లింది.

"ఈ ఎండల్లో శాలువా ఏమిటమ్మా?" అని డాక్టరు అడిగింది. ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆమే. రక్తపరీక్ష చేయించి, "థైరాయిడ్ మందగిస్తే ఒంట్లో అన్ని పనులూ మందగిస్తాయి. రక్తంలోంచి కొలెస్టరాల్‌ని తొలగించే పని కూడా. ముందు దీనికి మందు వాడదాం," అంది.

పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర. కొన్ని నెలలకు కొలెస్టరాల్ దానంతట అదే దారికొచ్చింది.

ఈ ఘనవిజయానికి సంఘం వార్షికోత్సవంలో రామమోహనరావుగారిని సన్మానించారు. "క్రమశిక్షణకు లొంగని జబ్బు లేదు!" అని ఆయన ఉపన్యసించి, కరతాళధ్వనుల మధ్య దిగొచ్చి, తన శాలువా భార్యకు కప్పబోయారు.

"ఇప్పుడు చలెయ్యట్లేదండీ. వేసినప్పుడు మీరెవరూ అడగలేదు," అంది సుభాషిణి.

అంతలో మైకులో తదుపరి అంశం వినిపించింది. సంఘం కోశాధికారి భార్య సునందగారికి షుగర్ వచ్చిందట. సభ మొత్తం ఆమె పళ్లెం వైపు తిరిగింది. మనలో మాట, సుభాషిణి కూడా జిలేబీలు ఎన్నున్నాయో చూసింది.