ఊరి పిల్లలందరికీ ఒకే నవ్వు

ఆ ఉదయం మొగుడూ పెళ్ళాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి హెడ్మిస్ట్రెస్ గారు తన మనవణ్ణి స్టూడియోకి తీసుకొస్తారు. భర్త ఫోటో తీస్తాడు. భార్య కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పిల్లాణ్ణి మబ్బుల్లో ఈదే తిమింగలం మీద ఎక్కిస్తుంది. సాయంత్రం పుట్టినరోజు పార్టీలో ఆ బొమ్మ గోడంత పెద్దదిగా వేలాడుతుంది. హెడ్మిస్ట్రెస్ గారు మురిసిపోయి, బడిలో పిల్లలందరి ఫోటోల పనీ వీళ్ళకే అప్పగిస్తారు.

అప్పగించకపోతే ఏమవుతుందో కూడా ఇద్దరికీ తెలుసు. భార్య అన్నగారికి కుళాయిలు, వాష్ బేసిన్లు, కమోడ్లు అమ్మే దుకాణం ఉంది. "ఈ నెలాఖరుదాకా చూస్తా బావా. అప్పటికీ నీ స్టూడియో నడవకపోతే వచ్చి నా కొట్లో కూర్చో" అని ఆయన గడువు పెట్టాడు. ఉత్తినే అనలేదు. కమోడ్ల వరసకీ గీజర్ల వరసకీ మధ్య ఓ కుర్చీ వేయించి, దానిమీద ఇంకెవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఆ ఖాళీ కుర్చీ ఫోటోగ్రాఫర్‌కి కల్లోకి వస్తోంది.

మందుల షాపు పైన రెండు గదులే ఆ స్టూడియో. గోడల నిండా కాలనీ పిల్లలు. ఒకడికి చిలక రెక్కలు, ఒకత్తె చందమామకి కట్టిన ఉయ్యాలలో, ఇంకొకడు పుట్టగొడుగు కింద నిద్రపోతున్న పులి వీపు మీద. అందరూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. కాలనీ ఇళ్ళల్లో ఆ నవ్వుల్ని చూసే కొత్తవాళ్ళు మెట్లెక్కి వస్తారు.

మనవడొచ్చాడు. నాయనమ్మ "బంగారుకొండ" అంటుంది గనక అందరూ వాణ్ణి అలాగే పిలుస్తారు. నాలుగేళ్ళ ఆ కొండ గుమ్మంలోనే చతికిలబడి, లోపలికి రానని గీపెట్టింది. ఒంటిమీద ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ నిక్కరు.

ఫోటోగ్రాఫర్‌కి అదే చిక్కొచ్చి పడింది. పిల్లల వెనక కట్టే గుడ్డ కూడా ఆకుపచ్చదే. ఆ రంగు ఎక్కడుంటే అక్కడ చెరిపేసి, బదులుగా మబ్బులు నింపడం కంప్యూటర్ చేసే పని. గుడ్డేదో చొక్కా ఏదో దానికి తెలియదు.

"అమ్మా, వేరే చొక్కా ఏమైనా తెచ్చారా?"

"ఎందుకూ? పచ్చరంగు వాడికి బాగా నప్పుతుంది" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"నప్పకేమమ్మా! కాకపోతే తిమింగలం మీద తలకాయొక్కటే మిగులుతుంది."

"అవన్నీ మీరు చూసుకోవాలి గానీ నాకు చెప్తారేం? నాకే వస్తే మీ దగ్గరికెందుకొస్తాను?"

ఇక చేసేదేముంది? పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి పెద్ద లోడు దిండు మీద కూర్చోబెట్టారు. "నాన్నా, ఇదిగో తిమింగలం! ఎక్కి సవారీ చెయ్యి" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"ఇది దిండు" అన్నాడు బంగారుకొండ. ఆ రోజు ఆ గదిలో ఎవరైనా ఉన్నమాట చెప్పారంటే అదొక్కటే.

ఆ తర్వాత ఫోటోగ్రాఫర్ కోడిలా కూశాడు. పిల్లిలా అరిచాడు. నెత్తిన ఈక పెట్టుకుని గదంతా గెంతాడు. పిల్లాడు ఏడుపు ఆపి కాసేపు ఆసక్తిగా చూసి, ఇంకా పెద్దగా ఏడవడం మొదలెట్టాడు. సముదాయిద్దామని చెయ్యి పట్టుకోబోతే కసిక్కున కరిచాడు. తల ప్రాణం తోకకొచ్చాక, ఇంక చాలని కెమెరా మూసేశాడు.

వాళ్ళు వెళ్ళాక భార్య ఫోటోలన్నీ తెరమీద తిరగేసింది.

"ఒక్కటైనా పనికొస్తుందా?" అన్నాడు భర్త, కరిచినచోట ఊదుకుంటూ.

"చెవులు బాగున్నాయి."

"చెవులేం చేసుకుంటాం?"

"ఉంచుకుందాం. ఒళ్ళు ఆ పులి వీపు మీద కుర్రాడిది తీసుకుంటా. చేతులు చిలక రెక్కలవాడివి. నవ్వు సంగతి సరేసరి."

నవ్వు సంగతి అందరికీ సరేసరే. ఆ స్టూడియోలో ఉన్నది ఒకటే నవ్వు, అది వీళ్ళ కూతురు బుజ్జమ్మది. బుజ్జమ్మకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు, అదే బళ్ళో చదువుతోంది. నాలుగేళ్ళప్పుడు మామయ్య కొట్లో దాహమేసి, అమ్మకానికి పెట్టిన కుళాయికి నోరు పెట్టి, నీళ్ళు రాకపోయేసరికి గట్టిగా లాగి జారిపడింది. కుళాయికి కొట్టుకుని ముందు పన్ను అంచు విరిగింది. గుక్కపెట్టి ఏడుస్తున్న మేనకోడల్ని ఎత్తుకోవడానికి పరిగెత్తుకొచ్చిన మామయ్య కాలు జారి, వెళ్ళి వెళ్ళి ఓ కమోడ్‌లో కూలబడ్డాడు. ఆ పిల్ల నవ్వింది చూడండీ! తండ్రి చేతిలో అదృష్టవశాత్తూ కెమెరా ఉంది. అప్పట్నుంచి ఏ పిల్లాడు మొండికేసినా ఆ నవ్వు తీసుకెళ్ళి వాడి మొహానికి అతికించడమే. తల్లిదండ్రులు "అచ్చం మా బాబే!" అని పొంగిపోయేవారు.

"ఆ విరిగిన పన్నైనా బాగు చెయ్యరాదూ?" అని భర్త ఒకసారి అడిగాడు.

"చేస్తే అది బుజ్జమ్మ నవ్వెలా అవుతుంది?" అంది ఆవిడ. అలా విరిగిన పన్నుతోనే అది కాలనీ అంతా తిరిగింది.

సాయంత్రం పార్టీలో గోడమీద తెర తీయగానే హాలంతా చప్పట్లు. మబ్బుల్లో తిమింగలం, తిమింగలం మీద బుల్లి గొడుగు పట్టుకుని విరగబడి నవ్వుతున్న కుర్రాడు. "అచ్చం వాళ్ళ తాతగారి నవ్వే!" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళు తుడుచుకుంటూ. తాతగారు పక్కనే ఉన్నారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు.

"ఎవరా అబ్బాయి?" అని అడిగాడు బంగారుకొండ.

"నువ్వేరా కన్నా!"

"నేను కాదు" అని వాడు మళ్ళీ ఏడుపు లంకించుకున్నాడు. వాడి మాట ఎవరిక్కావాలి? కేక్ కోసేశారు.

ఫోటోగ్రాఫర్ మనసులో స్టూడియోకి కొత్త రంగులు వేయించుకుంటూ ఉండగా, కేక్ ముక్క నోట్లో పెట్టుకోబోతున్న పళ్ళ డాక్టరు గారు ఆగిపోయారు. బొమ్మ దగ్గరికెళ్ళి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"బాబు ముందు పన్ను విరిగిందే! మా అమ్మాయికీ సరిగ్గా అక్కడే విరిగింది" అంటూ ఫోన్ తీశారు. చందమామ ఉయ్యాలలో డాక్టరు గారమ్మాయి. నిజమే, పన్ను విరిగే ఉంది. "చూశారా? ఇంట్లో దాని నోరు చూసే తీరిక నాకెక్కడిదీ? ఫోటో ఉంది కాబట్టి తెలిసింది."

అంతే. తలా ఒక ఫోన్ బయటికొచ్చింది. చిలక రెక్కలవాడికి విరిగింది. పులి మీదవాడికి విరిగింది. అందరికీ అదే పన్ను, అదే పక్క, అదే వాటం.

"ఇది కుళాయి దెబ్బ" అని తేల్చేశారు డాక్టరు గారు. "కుళాయికి నోరు పెట్టి తాగబోతే తగిలింది. ఇలాంటివి నేను చూడగానే చెప్పేస్తా." పాపం, ఆయన వైద్యాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ పంటికి తగిలింది కుళాయి దెబ్బే.

"ఇంతమందీ కలిసి ఏ కుళాయి దగ్గర తాగుతారు?" అన్నారెవరో.

"బళ్ళోనే!" అంది ఒక తల్లి. అందరూ హెడ్మిస్ట్రెస్ గారి వైపు తిరిగారు.

మూల నిలబడ్డ ఫోటోగ్రాఫర్ కేక్ పళ్ళెం కింద పెట్టేశాడు. "చెప్పేద్దామండీ" అని గొణిగింది భార్య. "నోర్మూసుకో తల్లీ, నీకు దణ్ణం పెడతా. కమోడ్ల మధ్య కూర్చోవాల్సింది నువ్వు కాదు" అన్నాడతను.

రాత్రి విరిగిన పన్ను, ఫోన్లన్నీ తిరిగి తెల్లారేసరికి పగిలిన దవడ అయింది. బడి గంట కొట్టకముందే హెడ్మిస్ట్రెస్ గారు పాత కుళాయిలన్నీ పీకించేసి, కొత్తవాటికి కబురు పంపారు. ఫోటోగ్రాఫర్ ఇంట్లో రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి.

ఒకటి హెడ్మిస్ట్రెస్ గారిది. "మీ దగ్గరున్న మా పిల్లల ఫోటోలన్నీ పట్టుకుని బడికి రండి. పెద్ద తెరమీద వేసి చూడాలి."

రెండోది భార్య అన్నగారిది. "చెల్లాయ్, మన పంట పండింది! బడి మొత్తానికీ కుళాయిలు మనవే! నాకు చేతులు చాలడం లేదు, బావని ఇవాళే పంపించెయ్."

బడి హాలు తల్లిదండ్రులతో కిటకిటలాడుతోంది. పిల్లలు వరసలో నిలబడ్డారు. డాక్టరు గారు టార్చిలైటు పట్టుకుని నోళ్ళు తెరవమన్నారు. ఒక్కరు తెరిస్తే ఒట్టు. ముందుగా బంగారుకొండతో మొదలెడదామని వాడి పెదవి కింద వేలు పెట్టారు. వాడు నోరైతే తెరిచాడు గానీ వెంటనే మూసేశాడు.

"అమ్మో! వదల్రా నాన్నా, వదులు!" అని డాక్టరు గారు ఒంటికాలి మీద గెంతారు. వేలు బయటపడ్డాక రొప్పుతూ, "నోళ్ళతో పనిలేదు. నోట్లోకన్నా ఫోటోలోనే బాగా కనబడుతోంది" అన్నారు.

ఇంక దోషి ఎవరో తేలాలి. కుళాయిల దగ్గర నిలబడి పిల్లలకి నీళ్ళు పట్టిచ్చే ఆయాని ముందుకి పిలిచారు. ముసలావిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"నా దగ్గర ఒక్క బిడ్డకీ దెబ్బ తగల్లేదమ్మా. తగిలితే ఏడవరా? ఏడిస్తే నాకు వినబడదా?"

"మరి ఫోటోలు అబద్ధం చెప్తాయా?" అని గద్దించారు హెడ్మిస్ట్రెస్ గారు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

వరసలో ఓ పిల్ల బూటు లేసు ఊడిపోయి ఉంటే, ఆయా వంగి కట్టడం మొదలెట్టింది. అది చూసి ఫోటోగ్రాఫర్ భార్య ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడింది. భర్త చెయ్యి పట్టి లాగాడు. విదిలించుకుంది.

"ఆమెనేం అనకండి. ఆ పన్ను మా బుజ్జమ్మది."

"మీ బుజ్జమ్మ పన్ను మా పిల్లల నోళ్ళలోకి ఎలా వచ్చింది?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"నేనే పెట్టాను. మీ పిల్లలెవరూ నవ్వలేదండీ. అందుకని అందరికీ దాని నవ్వే అతికించాను." హాలు నోరెళ్ళబెట్టింది. "నమ్మకపోతే డాక్టరు గారి వేలు చూడండి. బాబు పన్ను విరిగి ఉంటే గాట్లు అంత వరసగా పడతాయా?"

డాక్టరు గారు తన వేలిమీద తనే టార్చి వేసుకున్నారు. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నారు. "ఒక్కటీ విరగలేదు" అన్నారు నీరసంగా. "చాలా చక్కటి పళ్ళు."

అప్పుడు లేచింది గోల. "ఎవరి పళ్ళో తెచ్చి మా వాడికి పెడతారా?" అని ఒకరు, "ఇంతకన్నా మోసం ఉంటుందా?" అని ఒకరు. "మా పిల్లల అసలు మొహాలు మాకు చూపించండి!" అని అందరూ. ఫోటోగ్రాఫర్ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళముందు కుర్చీ కనబడింది.

"అలాగే" అంది భార్య. అసలు ఫోటోలు తీసి ఒకటొకటిగా పెద్ద తెరమీద వేసింది.

చందమామ ఉయ్యాల పాప ముక్కులో వేలు రెండో కణుపుదాకా దిగి ఉంది. చిలక రెక్కలవాడు కళ్ళు తేలేసి నాలుక బయటపెట్టాడు. పులి మీదవాడు తన కాలి బొటనవేలు తానే నోట్లో పెట్టుకోబోయి బోర్లాపడ్డాడు.

"ఇది మా అమ్మాయి కాదు" అన్నారు డాక్టరు గారు.

"నేనే నాన్నా!" అని గెంతింది వాళ్ళమ్మాయి.

పిల్లలకి మాత్రం పండగే. తెరమీద తమ అసలు మొహాలు చూసుకుని పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకరి నవ్వు ఒకరిలా లేదు. ఒకడు ఎక్కిళ్ళు పెట్టాడు, ఒకత్తె నేలమీద దొర్లింది, బంగారుకొండ ఆయా కొంగులో మొహం దాచుకుని కిచకిచలాడాడు. ఫోటోగ్రాఫర్ చెయ్యి తనంతట తానే మెళ్ళోకి వెళ్ళింది. హడావిడిలో కెమెరా ఇంట్లోనే మర్చిపోయొచ్చాడు. పెద్దవాళ్ళెవరూ ఆ నవ్వులు చూడలేదు. వాళ్ళంతా గుడ్లప్పగించి తెరనే చూస్తున్నారు.

చివరికి బంగారుకొండ బొమ్మ వచ్చింది. ఆకుపచ్చలో ఆకుపచ్చ కలిసిపోగా, గొంతు చించుకుంటున్న నోరూ, కారుతున్న ముక్కూ, రెండు చెవులూ.

"ఆపండి" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. ఆవిడ గొంతు సవరించుకున్నారు. "ఆ నవ్వే ఉంచండి. పన్నొక్కటీ బాగు చెయ్యండి."

"అందరికీనా అండీ?"

"బళ్ళో అందరికీ. యూనిఫాం ఒకటే అయినప్పుడు నవ్వొకటే అయితే తప్పేముంది?"

తప్పేమీ లేదని తల్లిదండ్రులంతా ఒప్పుకున్నారు. గోధుమరంగు జుట్టు కూడా పెట్టగలరా అని ఇద్దరు ముగ్గురు పక్కకి పిలిచి అడిగారు.

"మరి నా సంగతేంటమ్మా?" అంది ఆయా.

"నీకేం? వెళ్ళి కొత్త కుళాయిల దగ్గర నిలబడు" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. క్షమించమని మాత్రం అనలేదు.

అలా ఫోటోగ్రాఫర్ గట్టెక్కాడు. కొట్లో అతని కుర్చీమీద ఇప్పుడు పీకేసిన పాత కుళాయిల బస్తా ఉంది. భార్య రోజంతా కూర్చుని, ఆ నవ్వులో పన్ను సరిచేసి బడి మొత్తానికీ పంచింది. పని ముగించాక మనసంతా ఎలాగో అయిపోయి, కూతురి పాత ఫోటో తీసి, ఏ మార్పూ చేయకుండా పెద్దదిగా వేయించి గోడ మధ్యలో తగిలించింది.

"నా పన్ను మాత్రం బాగు చెయ్యలేదేమమ్మా?" అని అడిగింది బుజ్జమ్మ.

"అది నీదే కదే పిచ్చిదానా" అని దాన్ని దగ్గరికి లాక్కుంది.

మర్నాడు ఒకావిడ చంటిపిల్లని చంకనేసుకుని మెట్లెక్కి వచ్చింది. రెక్కల పిల్లల్నీ తిమింగలం మీద కుర్రాణ్ణీ చూసి, "ఎంత సహజంగా తీశారండీ!" అని మెచ్చుకుంది. బుజ్జమ్మ ఫోటో దగ్గర ఆగి, ముందుకి వంగి, ఆ పన్ను వైపు జాలిగా చూసింది.

"ఏమీ అనుకోకండి గానీ, ఇదొక్కటే కుదర్లేదండీ. నవ్వు అతికించారని ఇట్టే తెలిసిపోతోంది."