నాన్న పేరు మీద స్కోరు

ఆదివారం ఉదయం తొమ్మిదింటికల్లా పాత డబ్బా టీవీని ముందు గదిలోకి చేర్చాలన్నది తమ్ముడి పథకం. అతనిది కళ్ళజోళ్ళ దుకాణం, ఆ రోజు సెలవు. పదకొండింటికి అక్కా బావా వస్తారు. వాళ్ళెదుట చిన్ననాటి వీడియో గేమ్ పెట్టెను ఆ టీవీకే తగిలించి, అసలైన ఆట ఎలా ఉంటుందో బావకు చూపించాలి.

కిందటి వారం బావ నోరు జారాడు మరి. "ఆ ఆట నా ల్యాప్‌టాప్‌లో ఉందయ్యా. ఎమ్యులేటర్ వేసుకుంటే ఆ పెట్టె చేసే పనంతా కంప్యూటరే చేస్తుంది. ఈ బరువులు మొయ్యడం ఎందుకు?"

"మనిషి మనిషే, ఫొటో ఫొటోనే బావగారూ," అన్నాడు తమ్ముడు. తర్వాత భోజనం అయ్యేదాకా బావతో మాట్లాడలేదు.

అతని పట్టుదలకు కారణం ఉంది. ఆ ఆట క్యాసెట్‌లో నాన్న స్కోరు ఉంది. నాన్న పోయి పదకొండేళ్ళు. ఆట మొదలయ్యే ముందు తెర మీద ఓ పట్టిక వస్తుంది. అన్నిటికన్నా పైన నాన్న పేరులోని మూడక్షరాలు, పక్కన డెబ్బై ఒక్క వేల ఆరు వందల నలభై. అక్కా తమ్ముడూ ఎన్ని సెలవులు ధారపోసినా దాని దరిదాపులకు వెళ్ళలేకపోయారు. తాము నిద్రపోయాక నాన్న ఒక్కడే కూర్చుని ఆడేవాడని ఇద్దరికీ గట్టి నమ్మకం.

టీవీ ముందు గదిలోకి వచ్చింది. తమ్ముడి నడుము పట్టేసింది. పెట్టె వెలిగింది. సరిచూడ్డానికి ఓ ఆట ఆడితే నాలుగు వేలు వచ్చాయి. పట్టిక మళ్ళీ కనిపించింది, కానీ అక్షరాలు కాస్త వణికాయి. క్యాసెట్ లోపల బిళ్ళ బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది పాతికేళ్ళ నాటిది. రేపో మాపో చచ్చిపోతే? అక్క వచ్చేలోగా కొత్తది వేసేస్తే సరి. సన్న స్క్రూడ్రైవర్లు, అతికించే సామాను చేతి కిందే ఉన్నాయి. స్కోరు ఉండేది చిప్పులో కదా, బ్యాటరీలో కాదు కదా అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. ఆ చిప్పుకు జ్ఞాపకం నిలిచేదే బ్యాటరీ వల్లనని, కొత్తది అతికించి పెట్టె వెలిగించాక తెలిసింది. పట్టికలో పైనుంచి కిందిదాకా సున్నాలు.

పాత బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని అలాగే కూలబడ్డాడు. అది పాతికేళ్ళుగా ఎవరినీ ఏమీ అడక్కుండా తన పని తాను చేసుకుపోయింది. వణికిందల్లా టీవీ.

అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా... పోయిందే. నా చేతులారా నేనే... పొద్దున దాకా బాగానే ఉంది."

"ఎవర్రా? ఏమైంది?"

"అమ్మకి..." అన్నాడు. 'అమ్మకి చెప్పకు' అనబోయాడు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది.

పావుగంటలో అక్క ఏడుస్తూ మెట్లెక్కింది. వెనకాల ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని బావ, అతని వెనకాల కింది వాటాలో ఉండే డాక్టరు, డాక్టరు కంగారు చూసి ఇంకో ముగ్గురు. తలుపు తీసింది అమ్మే. మేడ మీద బట్టలారేసి అప్పుడే దిగింది.

"ఎవరు పోయారే?" అంది అమ్మ, తనూ ఏడవడానికి సిద్ధపడుతూ.

అక్క ఆమెను కావలించుకుని వదల్లేదు. వచ్చినందుకు డాక్టరు అమ్మ నాడి పట్టుకున్నాడు. అది నిక్షేపంగా ఉంది. మూలన కూర్చున్న తమ్ముడి బీపీ చూసి మాత్రం పెదవి విరిచాడు.

సంగతి తెలిశాక అక్క ఏడుపు ఆగలేదు సరికదా, రెండింతలైంది. "నాన్నది మిగిలింది అదొక్కటేరా! దాన్నీ విప్పి పారేశావా?"

డాక్టరూ పొరుగువాళ్ళూ వెళ్ళిపోయాక బావ మెల్లగా ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఇందులో ఎక్కడికక్కడ ఆపి దాచుకోవచ్చు. చచ్చిపోతే వెనక్కి వెళ్ళొచ్చు. అదే స్కోరు తెచ్చి మామయ్యగారి అక్షరాలే రాద్దాం." మామూలు రోజైతే తమ్ముడు దీన్ని దొంగాట అనేవాడు. ఇప్పుడు గబగబా కుర్చీ లాక్కుని పక్కన చేరాడు.

ఏడో అంచెలో విరిగిన వంతెన ఉంది. ముగ్గురూ వంతులవారీగా ముప్పై సార్లు అందులోంచి పడ్డారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ పడ్డారు.

"మధ్యలోంచి దూకితే అంతే," అంది అమ్మ వంటింట్లోంచి. "గోడ వారకి వెళ్ళి, గబ్బిలం వెనక్కి తిరిగాక దూకాలి."

ముగ్గురూ వెనక్కి తిరిగారు.

"నీకెలా తెలుసే?" అంది అక్క.

అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. "మీరు బడికి వెళ్ళాక మధ్యాహ్నాలు ఆడేదాన్ని. మీ నాన్న మొదటిరోజు ఒక్కసారి ఆడి, కళ్ళు తిరుగుతున్నాయని వదిలేశారు. పేరు అడిగే చోట ఆయన అక్షరాలే ముందుగా వచ్చేవి. ఎలా మార్చాలో నాకు తెలీలేదు."

"తర్వాతైనా చెప్పొచ్చు కదమ్మా!"

"తెలిసేసరికి మీరు ఆయన్ని బడంతా పొగిడేశారు. ఆయనా కాదనలేక నావైపు చూసి నవ్వారు. పోనీలే అనుకున్నాను."

ఆ పెట్టె ముందు అక్కతో ఎన్ని వందల సార్లు కొట్టుకున్నాడో తమ్ముడికి గుర్తుంది. 'నువ్వు కూడా ఆడతావా అమ్మా' అని ఒక్కసారి అడిగినట్టు మాత్రం గుర్తు లేదు.

పెట్టె తాలూకు కంట్రోలర్ తెచ్చి రెండు చేతులతో అమ్మకిచ్చాడు. ఆవిడ నాలుగు మీటలు నొక్కి తిరిగిచ్చేసింది. "గట్టిగా ఉన్నాయిరా. బొటనవేలు ఇదివరకట్లా వంగడం లేదు. కాస్త ముందడిగితే బాగుండేది."

"ఇటు రండత్తయ్యగారూ," అన్నాడు బావ. ల్యాప్‌టాప్‌లో ఆట వేగం సగానికి తగ్గించి, మెత్తటి మీటలు ఆవిడ వేళ్ళకు అందేలా దాన్ని ముందుకు జరిపాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. పూర్తయ్యేసరికి నాలుగు వేల రెండు వందలు వచ్చాయి. తమ్ముడికి ఆ పొద్దున వచ్చినవి నాలుగు వేలు.

సగం వేగంతో ఆడితే లెక్కలోకి రాదు అనబోయి, అతను జీవితంలో మొదటిసారి ఊరుకున్నాడు.